ప్రసాద్ అంకుల్ కడగని మోటార్

2012 జనవరి, ఫ్రీమాంట్. ఒక స్ట్రిప్ మాల్‌లో ఇటు ఇన్‌కం టాక్స్ ఆఫీసు, అటు దోసెల హోటల్, మధ్యలో మా హాబీ షాపు. ఇప్పుడు మీరు చదవబోయేది నిప్పు, ఆకాశం, ప్రేమ, చావు అన్నీ కలిసిన మహాగాథ అని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఇది ఒక అల్యూమినియం గొట్టం కడిగిన సంగతి. నిప్పు అంతకు ఏడాది ముందే ఆరిపోయింది. ఆ రోజు ఆకాశం మబ్బుగా ఉంది. మిగిలిన రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి గానీ, వెనిగర్ వాసనలో అంతగా తెలియవు.

నేను ఆ షాపులో రాకెట్ కౌంటర్ చూసేవాడిని. గుడిలో ఎవరైనా అడిగితే మా అమ్మ "కార్తీక్ ఏరోస్పేస్‌లో ఉన్నాడు" అని చెప్పేది. అబద్ధమేమీ కాదు. ఏరోస్పేస్‌లో కౌంటర్ వెనకాల ఉండేవాడిని.

మేము అమ్మే రాకెట్లలో చిన్నవి పిల్లలవి. వాటి మోటార్లు అట్టతో చేసినవి, ఒకసారి కాల్చి పారేయడమే. పెద్దవి మనిషంత ఎత్తుంటాయి, మైలు దాకా వెళ్తాయి. వాటికి వాడేవి రీలోడబుల్ మోటార్లు. అంటే బయట గట్టి అల్యూమినియం కేసింగ్ ఉంటుంది, అది మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది. లోపల గ్రెయిన్లు అనే ఇంధనం దిమ్మలు పెట్టి, గ్రీజు రాసిన రబ్బరు ఓ-రింగులు వేసి, రెండు చివర్లా క్లోజర్లు, అదే, మరమూతలు బిగిస్తాం. వెనక మూతలోంచి మంట వస్తుంది. ముందు మూత మీద చిన్న గుంట ఉంటుంది. అందులో చిటికెడు నల్లమందు పోసి, పైన గుండ్రటి కాగితం బిళ్ళ అంటిస్తాం. దాన్ని ఎజెక్షన్ ఛార్జ్ అంటారు. రాకెట్ పైకి వెళ్ళి వేగం తగ్గాక, లోపలి మంట మెల్లగా కాలుతూ గుంట అడుగున తగిలి, ఆ మందు ఢమ్మని పేలి పారాచూట్‌ని బయటికి తోస్తుంది. పేలకపోతే పారాచూట్ రాదు. రాకెట్ ఎంత నిటారుగా వెళ్ళిందో అంత నిటారుగా దిగుతుంది. మా భాషలో దాన్ని బాలిస్టిక్ అంటాం. మామూలు భాషలో గుంజ పాతడం.

ఎగిరాక కేసింగ్ నిండా నల్లటి జిగురు మసి. దాన్ని ఆ రోజే కడగాలి. వెనిగర్ కలిపిన నీళ్ళు, పాత టూత్‌బ్రష్, బేబీ వైప్స్, అదే, పసిపిల్లల్ని తుడిచే తడి కాగితాలు, చాలు. వదిలేస్తే ఆ మసి గాల్లో తేమని పీల్చుకుంటుంది, మూతలు బిగుసుకుపోతాయి, లోపల అల్యూమినియం చిన్న చిన్న గుంటలు పడుతుంది. ఈ ముక్క ప్రతి కస్టమర్‌కీ చెప్పేవాడిని. ప్రతి కస్టమరూ తలూపేవాడు. నెల తర్వాత బిగుసుకుపోయిన మోటార్ పట్టుకొచ్చి, అదేదో దానంతటదే జరిగినట్టు చూసేవాడు. బిగుసుకుపోయినవి తీసి కడగడం కూడా నా పనే.

ఒక్క ప్రసాద్ అంకుల్‌కి మాత్రం చెప్పాల్సిన పనిలేదు. ఆయన చిప్ డిజైన్ ఇంజినీరు. ఆఫీసులో తెల్ల సూటు, మాస్కు వేసుకుని తిరిగే మనుషులతో పని కాబట్టి దుమ్మంటే పగ. మా క్లబ్ లాంచ్‌లు ఫ్రీమాంట్‌కి రెండు గంటల దూరంలో ఒక ఆవుల పచ్చికలో జరిగేవి. రాకెట్ దిగిన వెంటనే అంకుల్ మినీవ్యాన్ వెనక డోర్ ఎత్తి, తువ్వాలు పరిచి, మోటార్ విప్పి కడిగేవాడు. పక్కనే శారద ఆంటీ కట్టిచ్చిన పులిహోర డబ్బా ఉండేది. మోటార్ కడగడం అయ్యేదాకా దాని మూత తీయడానికి లేదు. వాళ్ళమ్మాయి మేఘన ఆకలితో పక్కన నిలబడి ఓ-రింగులు ఊడదీస్తూ, "నాన్నా, వేరే ఫ్యామిలీస్ ముందు తింటారు తెలుసా" అనేది. "వేరే ఫ్యామిలీస్ మోటార్లు కూడా చూశాను" అనేవాడాయన. మేఘన అలా కడిగీ కడిగీ హైస్కూల్ అయ్యేసరికి ఆయనంత బాగా మోటార్ కట్టడం నేర్చుకుంది. తర్వాత మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరింది.

2010 చివర్లో అంకుల్‌కి పాంక్రియాస్ కాన్సర్ అని తెలిసింది. మరుసటి ఫిబ్రవరిలో లాంచ్‌కి వస్తానని పట్టుబట్టాడు. చేతులు వణుకుతున్నాయి కాబట్టి, ముందురోజు సాయంత్రమే ఇంట్లో ఆయన కళ్ళ ముందు మేఘన మోటార్ కట్టింది, మందు పోయడంతో సహా. మామూలుగా మందు మాత్రం పొలంలోనే పోస్తాం. ఆయన చలిలో ఎక్కువసేపు కూర్చోలేడని ఇంట్లోనే కానిచ్చేశారు.

ఆ రోజు నేను పొలంలో మా షాపు టేబుల్ దగ్గరున్నాను. అంకుల్ మడత కుర్చీలో, రెండు దుప్పట్లలో కూర్చున్నాడు. రాకెట్ బ్రహ్మాండంగా లేచింది. పైన ఒక చుక్క అయింది. ఆ తర్వాత ఏమీ విచ్చుకోలేదు. చుక్క మళ్ళీ పెద్దదవుతూ వచ్చి, తడిసిన పచ్చికలో దిగబడింది. దూరంలో ఒక ఆవు తలెత్తి చూసి, మళ్ళీ మేసుకుంది.

సేఫ్టీ చూసే ఆయన వచ్చి మామూలుగా అడగాల్సిన ప్రశ్న అడిగాడు, మందు పోశావా అని. మేఘన పోశానంది. కాసేపాగి, పోశాననుకుంటానంది. అంకుల్ కుర్చీలోంచే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "నీ తప్పు కాదు" అన్నాడు. నేను విన్నాను. తండ్రులందరూ అనేదే కదా అనుకున్నాను. రాకెట్ తవ్వి తీసి, మట్టితో ఉన్న మోటార్‌ని ప్లాస్టిక్ కవర్లో వేసి వ్యాన్‌లో పడేశారు. ఆ రోజు మోటార్ కడగలేదు, పులిహోర తినలేదు. మర్నాడు అంకుల్ హాస్పిటల్లో చేరాడు. ఆ నెల దాటలేదు.

ఇక జనవరికి వద్దాం. శారద ఆంటీ షాపులోకి వచ్చి, ఇండియన్ స్టోర్ కవర్ ఒకటి కౌంటర్ మీద పెట్టింది. అందులో ఆ మోటార్, అదే మట్టితో. గరాజ్‌లో ఏడాది ఉందట.

"బాబూ, దీన్ని కడిగి తళతళలాడేట్టు చేసిస్తావా? నేనే చేద్దామని చూశా. మూత రావట్లేదు. కుక్కర్ మూతలాంటిదేగా అనుకున్నా."

"కుక్కర్ కొంచెం మర్యాదస్తురాలు ఆంటీ" అన్నాను.

ఆంటీ నవ్వలేదు. సంగతంతా చెప్పింది. మేఘన ఇంజినీరింగ్ వదిలేసి అకౌంటింగ్‌కి మారింది. (అకౌంటింగ్ విషాదం కాదని నాకూ తెలుసు. మా మామయ్య అందులోనే ఉన్నాడు, బాగానే నవ్వుతాడు.) కాలేజ్ లాస్ ఏంజిలెస్ వైపు. సెలవులకి కూడా రావడం మానేసింది, వస్తే గరాజ్‌లోకి అడుగు పెట్టదు. ఒక్కసారే నోరు విప్పి, నాన్న చివరిసారి ఇంట్లోంచి బయటికొచ్చింది నేను మందు పోయడం మర్చిపోయిన రాకెట్ చూడ్డానికే కదా అందట. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ గొట్టాన్ని ఎవరికైనా అమ్మేయమని మెసేజ్ పెట్టింది. సంవత్సరీకానికి వస్తోంది.

"అమ్మేస్తే జన్మలో దీని దగ్గరికి రాదు" అంది ఆంటీ. "మట్టితో ఇస్తే ఆ రోజే కనిపిస్తుంది దానికి. శుభ్రంగా వాళ్ళ నాన్న ఉంచినట్టు ఉంటే, ఏమో, చేతిలోకి తీసుకుంటుందేమో."

వదిలి వెళ్ళండి, రేపిస్తానన్నాను. కూర్చుంటానంది. స్టూల్ వేశాను.

వేడినీళ్ళలో నానబెట్టి, నూనె పట్టించి, బెల్టు రెంచితో తిప్పితే వెనక మూత చాలాసేపటికి కదిలింది. లోపల ఏడాది మసి, తడిసిన బొగ్గులా ఉంది. గ్రెయిన్లన్నీ చక్కగా కాలిపోయాయి. కాబట్టి మోటార్ కట్టడంలో తప్పులేదు. అంతవరకు రోజూ చూసేదే. తర్వాత ముందు మూత వైపు మట్టి మీద సన్నగా నీళ్ళు వదిలాను. మేఘన మర్చిపోయి ఉంటే గుంట ఖాళీగా ఉండాలి. మందు పేలి ఉంటే కాగితం బిళ్ళ ఎగిరిపోయి ఉండాలి. మట్టి పోయాక చూస్తే బిళ్ళ అక్కడే అంటుకుని ఉంది.

బ్రష్‌తో అంచు లేపాను. కింద నల్లగా, గట్టిగా, ఇంగువ ముద్దలాంటిది. కాలని మందు. అడుగున కొంచెం మాడింది, అంతే. కాలని మందుతో పరాచికాలు ఉండవు. వెంటనే ఆ మూత మొత్తాన్ని నీళ్ళ గిన్నెలో ముంచాను.

"ఆంటీ, మేఘన మందు పోసింది."

ఆంటీ స్టూల్ మీంచి లేచింది. "ఇంకోసారి చెప్పు."

"పోసింది. కావాల్సినంత పోసింది. ఇదిగో, ఇక్కడే ఉంది. కాలలేదు అంతే."

ఆంటీ గిన్నెలోకి వంగి, ఆ నల్ల ముద్దని చాలాసేపు చూసింది. నేను టిష్యూ డబ్బా ముందుకు తోశాను. తీసుకోలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోన్ కోసం వెతకడం మొదలుపెట్టింది.

కథ అక్కడ ఆగిపోతే బాగుండేది. కానీ మోటార్ తెరిచాక, ఎందుకు కాలలేదో చూడకుండా ఉండలేకపోవడం ఈ వృత్తిలో ఉన్న జబ్బు. మందు తడిసింది, అంతవరకు తెలుస్తోంది. పొలంలో మట్టి వల్లా? కాదు. మట్టిలో పడింది తర్వాత కదా. పైన ఉన్నప్పుడు పొడిగా ఉంటే పేలి ఉండేది. అంటే ఎగరకముందే తడి తగిలింది. కాగితం బిళ్ళ చుట్టూ ఎర్రటి గోధుమరంగు వలయం ఒకటి కనిపించింది. తుప్పనుకున్నాను. కాగితానికి తుప్పు పట్టదని గుర్తొచ్చింది. సరే కడిగి చూద్దామని బ్రష్‌తో ఒక చుక్క వెనిగర్ వేశాను.

ఎరుపు పోయి పచ్చబడింది. పచ్చగా అంటే అంతా ఇంతా కాదు, బంతిపువ్వంత పచ్చగా.

"ఇదేంటో" అన్నాను. చాలా తెలివైన మాట.

ఆంటీ చేతిలో ఫోన్ కిందికి దిగింది. "అది పసుపు" అంది.

పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుంది. పారాణి అలాగే కలుపుతారు, దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అంతే. మాడిన నల్లమందు కూడా సున్నంలాగే పనిచేసి దాన్ని ఎర్రగా మార్చింది. నా వెనిగర్ పులుపు మళ్ళీ వెనక్కి లాగింది. నాకు కెమిస్ట్రీలో సి వచ్చింది. ఆంటీకి చూడగానే తెలిసిపోయింది.

మెల్లగా చెప్పుకొచ్చింది. ఆ సాయంత్రం మేఘన మోటార్ కట్టి డైనింగ్ టేబుల్ మీద నిలబెట్టి స్నానానికి వెళ్ళింది. కొత్త కారు కొంటే టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం. కొత్త లాప్‌టాప్‌కి బొట్టు పెడతాం. ఇది ఆకాశంలోకి వెళ్ళేది, పైగా ఆయన చూడబోయేది. ఆంటీ దాన్ని దేవుడి ముందు నిలబెట్టి, పైన గుండ్రంగా బిళ్ళ కనిపిస్తే, దాని మీద పసుపు చిక్కగా కలిపి పెట్టి, మధ్యలో కుంకుమ అద్దింది. హారతిచ్చింది. అప్పుడు భయమేసింది, మేఘన చూస్తే అరుస్తుందని. తడి వైప్‌తో శుభ్రంగా తుడిచేసి, ఉన్నచోటే పెట్టేసింది. అందుకే పొద్దున మేఘనకి ఏమీ కనపడలేదు. కాగితం ఆరింది. కింద మందు ఆరలేదు.

"ఆయన పేరు చెప్పుకునే పెట్టా" అంది.

నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు ఉంటుంది. ఆ టైంలో వెతికితే ఒక అబద్ధం దొరికింది. "ఆంటీ, మోటార్‌లోనే ఏదో లోపం ఉందని చెప్దాం. తయారుచేసిన కంపెనీ మీద తోసేద్దాం. కంపెనీలు నొచ్చుకోవు. నేను చెబితే మేఘన నమ్ముతుంది."

ఆంటీ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, ఊరికే కాదనడం కోసం కాదు.

"నమ్మినట్టు ఉంటుంది" అంది చివరికి. "ఏడాదిగా నేను చేస్తున్నదీ అదేగా. నీ తప్పు కాదమ్మా, నువ్వు పోసే ఉంటావమ్మా అని ఫోన్లో చెబుతూనే ఉన్నా. లోపల మాత్రం మర్చిపోయిందనే అనుకున్నా. అది తెలుసు దానికి. అమ్మ గొంతు తెలీదా?"

ఆంటీ ఫోన్‌ని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టేసింది.

"నేనే చెప్తా. నువ్వు చెప్పకు. ఆ బిళ్ళ మాత్రం కడగొద్దు. నీ దగ్గరే ఉంచు. చూడాలంటే ఇక్కడికే వస్తుంది. నా చేతిలోంచి తీసుకోదు."

బిళ్ళని ఆరబెట్టి జిప్ కవర్లో పెట్టాను. మందు ముద్ద నీళ్ళలో కరిగిపోయింది. మిగతాది వెనిగర్‌తో కడిగి, వైప్స్‌తో తుడిచి, వెలుతురులో లోపలికి చూశాను. ఓ-రింగ్ కూర్చునే చోట గుంటలు పడ్డాయి. గోరుకి తగులుతున్నాయి. అలాంటి కేసింగ్‌లో మోటార్ కాలిస్తే ఓ-రింగ్ పక్కనుంచి మంట తన్నుకొస్తుంది.

"ఇది ఇంక ఎగరదు ఆంటీ."

"మెరుస్తుందా?"

"మెరుస్తుంది."

"సరే" అని కవర్లో పెట్టుకుని వెళ్ళింది. బయట పార్కింగ్‌లో, కారు స్టార్ట్ చేయకుండా చాలాసేపు కూర్చుంది. నేను చూడనట్టు గ్లూ సీసాలు సర్దాను. అవి అంతకుముందే సర్ది ఉన్నాయి.

సంవత్సరీకం అయ్యాక మేఘన వచ్చింది. హలో లేదు, ఏమీ లేదు. "ఆ పేపర్ చూపించు."

జిప్ కవర్ ఇచ్చాను. అమ్మ చెప్పిందా అని అడిగాను.

"చెప్పింది. ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తుంటే, 880 ఫ్రీవే మీద. ట్రాఫిక్‌లో. దిగిపోవడానికి కూడా లేదు." కవర్ తెరుస్తూ, "మాట్లాడట్లే నేను అమ్మతో" అంది.

వెనిగర్ సీసా అడిగింది. ఒక చుక్క వేసింది, పచ్చ. బేకింగ్ సోడా ఉందా అంది. దోసెల హోటల్ నుంచి చిటికెడు తెచ్చి నీళ్ళలో కలిపిచ్చాను. వేసింది, ఎరుపు. మళ్ళీ వెనిగర్. మళ్ళీ సోడా. కాగితం చీకిపోయేదాకా అలా చేస్తూనే ఉంది.

"అమ్మ నీకు అంతా చెప్పలేదు" అంది తల ఎత్తకుండా. "తుడవడానికి వైప్ ఇచ్చింది ఎవరో తెలుసా? నాన్న. పక్కనే చెయిర్‌లో ఉన్నాడంట. పూజ మొత్తం చూశాడంట. నవ్వి, తుడిచెయ్, మన మేడమ్ స్నానం నుంచి వచ్చి చూస్తే లాంచ్ కాన్సిల్ చేస్తుంది అన్నాడంట. బేబీ వైప్! మాయిశ్చర్ గురించి నాకు హాఫ్ అవర్ లెక్చర్ ఇచ్చిన మనిషి."

కాన్సర్ మందులు వాడుతున్నాడు కదా, తోచి ఉండదన్నాను.

"ఆ రోజు నువ్వు అక్కడ ఉన్నావు. నాన్న నాతో ఏమన్నాడో విన్నావా?"

"నీ తప్పు కాదు అన్నారు."

"ఎలా అన్నాడు?"

గుర్తుచేసుకున్నాను. ఓదార్పులా అన్నట్టు గుర్తులేదు. "మామూలుగానే. ఓ-రింగ్ సైజు చెప్పినట్టు అన్నారు."

మేఘన బ్రష్ కింద పెట్టింది. "నేను జాలి అనుకున్నా" అంది. "అందరూ అలాగే అన్నారు కదా. ఆయన కూడా అందరిలా అన్నాడనుకున్నా."

ఆ నిమిషంలో, పొలంలో, ఆయనకి ఆ తడి వైప్ సంగతి తట్టిందేమో. తట్టి, భార్య పేరు ఎత్తకుండా, కూతురికి ఉన్న నిజం ఒక్కటే చెప్పాడేమో. లేదా అందరు తండ్రుల్లాగే ఒక మాట అన్నాడేమో. నాకు తెలీదని మేఘనకి చెప్పాను. ఆ షాపులో నేను పూర్తి నమ్మకంతో చెప్పిన కొద్ది మాటల్లో అదొకటి. ఇంతలో ఒకాయన వచ్చి బాల్సా చెక్కలు ఏ వరుసలో ఉన్నాయని అడిగాడు. చూపించి వచ్చేసరికి మేఘన వెళ్ళిపోయింది. చీకిపోయిన కాగితాన్ని కూడా తీసుకెళ్ళింది.

మళ్ళీ రాకెట్లు ఎగరేసిందా అని అడుగుతారు. లేదు. అకౌంటింగ్‌లోనే ఉండిపోయింది. నిజంగానే నచ్చిందట.

ఈ కేసు నాకేం నేర్పింది అంటే, వృత్తిపరంగా ఒకటే. ఎవరైనా మోటార్ తెస్తే, అప్పటిదాకా నేను ముందు కడిగి తర్వాత చూసేవాడిని. ఇప్పుడు ముందు చూస్తాను. కడిగిన మోటార్ ఏమీ చెప్పదు. అలాగే, చూసిందంతా కస్టమర్‌కి వెంటనే చెప్పాలా అన్న దాని మీద నాకు ఇంకా ఒక అభిప్రాయం ఏర్పడలేదు.

కొన్ని నెలల తర్వాత మేఘన ఫోన్ చేసింది. చాలా చిరాగ్గా ఉంది. వెనక శారద ఆంటీ గొంతు వినిపిస్తోంది, నేనేం పెద్దగా పెట్టలేదే అంటూ. ఆంటీ ఆ కేసింగ్‌ని అంకుల్ ఫోటో దగ్గర పెట్టి, ఊరుకోలేక మళ్ళీ బొట్టు పెట్టిందట. పైన రంగు పూత పోయిన చోట పసుపు పట్టేసింది, ఎంత వెనిగర్ వేసినా పోవట్లేదట, ఏం చేయాలంది.

పసుపు మరక వెనిగర్‌తో పోదు, ఇంకా పచ్చబడుతుంది. సబ్బు పెడితే ఎర్రబడుతుంది. తడిపి, కిటికీ దగ్గర నేరుగా ఎండ తగిలేట్టు పెట్టాలి. ఫ్రీమాంట్‌లో రెండు మూడు రోజులు పడుతుంది, మబ్బుగా ఉంటే ఇంకాస్త.